బాపమ్మ గుండెకు రెండు దారులు

కరీంనగర్,
17 ఆగస్టు 2025, ఆదివారం.

బాపమ్మ పాదాలకు నీ మనవరాలు దీక్షిత దండాలు.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ బేలలో మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. క్షేమమే కాని, అందరం అలసిపోయి ఉన్నాం. బాపు కుర్చీలో కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. నీ కోడలు, మా అవ్వ, రెండు పూటలా ఒకే కూర వండుతోంది, ఎవరూ గమనించడం లేదు. నేను పోటీ పరీక్షల పుస్తకాలు అటకెక్కించి, నీ రిపోర్టుల ఫైలు చంకన పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో నాలుగు ఇంగ్లిష్ ముక్కలు చదివేది నేనే కాబట్టి నీ గుండె సంగతంతా నా నెత్తిన పడింది. పీజీ చదివి ఏం చేస్తున్నావని అడిగినవాళ్లకు ఆస్పత్రిలో క్యూ కడుతున్నానని చెబుతున్నాను.

ఫోన్‌లో చెబుదామంటే నీకు వినపడదు. మొన్న గొంతు పోయేలా అరిచి చెబితే "ఏందో గుయ్యిమంటది బిడ్డా, నాకేం సమజ్ కాలే. రాసి పంపు, అద్దాలు పెట్టుకొని సదువుకుంట" అని ఫోన్ విద్యాధర్ కాకకు ఇచ్చేశావు. అందుకే పెద్ద అక్షరాలతో, వాక్యానికీ వాక్యానికీ మధ్య జాగా వదిలి రాస్తున్నాను. నీ మందుల కోసం కాక నిన్ననే ఇక్కడికి వచ్చాడు. రేపు పొద్దున బస్సుకు నీ దగ్గరికే బయలుదేరతాడు కాబట్టి ఇది ఆయన చేతికే ఇస్తాను.

నువ్వు మూడు అడిగావు. మందులతో నయం కాదా. ఛాతీ కోస్తారా. ఇక లోపల పెట్టే కొత్త వాల్వును దేనితో చేస్తారు. నీ మెడలో ముప్పై ఏళ్లుగా తులసిమాల ఉంది, మాల వేసుకున్నప్పటి నుంచి గుడ్డు కూడా ముట్టలేదు, అలాంటి ఒంట్లోకి ఏం పోతుందో తెలియాలన్నావు.

మొదటిది చెబుతాను. ఆషాఢ ఏకాదశినాడు భజనలో చప్పట్లు కొడుతూ కొడుతూ నువ్వు పడిపోతే, "ఉపాసం ఉన్నది గదా, కండ్లు తిరిగినయ్" అని అందరూ చక్కెర నీళ్లు తాగించారు. అది ఉపవాసం వల్ల కాదు. గుండెలోంచి రక్తం బయటికి పోయేచోట ఉండే వాల్వు సున్నం పట్టినట్టు గట్టిపడింది. వేలు పట్టాల్సిన దారి పుల్ల పట్టేంత అయిందని డాక్టరమ్మ స్కానింగులో చూపించింది. నిన్ను బయట కూర్చోబెట్టి లోపలికి పోయిన అప్పుడు కాక ఎంత సంబరంగా "గంతేనా మేడం, మా బాయి మోటరు ఫుట్ వాల్వు సుత గిట్లనే పట్టుకపోతది, ఇప్పి తుడిచి పెడితె మల్ల నీళ్లు దుంకుతయ్" అన్నాడో నువ్వు చూడాల్సింది. ఆమె నవ్వి, "మోటరైతె బంద్ చేసి ఇప్పుకుంటరు. గీ మోటరు డెబ్బై ఆరేండ్ల నుంచి ఒక్క గడియ బంద్ కాలే" అంది. మాత్రలతో ఆయాసం కొంచెం తగ్గుతుంది, దారి మాత్రం వెడల్పు కాదు. వాల్వు మార్చాల్సిందే.

రెండోది. మార్చడానికి రెండు దారులున్నాయి.

ఒకటి పాత పద్ధతి. ఛాతీ ఎముకను నడిమికి కోసి తెరుస్తారు. గుండెను ఆపి, అంతసేపూ దాని పని ఒక మిషను మీద పెడతారు. పాడైన వాల్వు కోసి తీసేసి కొత్తది కుట్టి, ఎముకను తీగలతో బిగించి మూస్తారు. ఇది చేయించుకున్న మల్లన్న అనే గ్రానైట్ లారీ డ్రైవరు ఓపీ దగ్గర మా పక్కన కూర్చున్నాడు. నేనేమీ అడగకుండానే చొక్కా గుండీలు విప్పి చూపించాడు. "చూడు బిడ్డా, బస్తకు సుతిలి కుట్టినట్టు లేదూ?" అన్నాడు. ఒళ్లో ఒక చిన్న దిండు ఉంది. దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా దాన్ని ఛాతీకి అదుముకోవాలట, లేకపోతే ఎముక కలుక్కుమంటుందట. "గీ మెత్తనే ఇప్పుడు నా పెండ్లాం" అన్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య నా వైపు తిరిగి, "మరి పొద్దుగాల చాయ్ సుత గదే పెట్టిస్తదేమో అడుగు చెల్లె" అంది. ఆయన నవ్వబోయి దిండు పట్టుకున్నాడు. యాభై దాటని మనిషి, రాళ్ల లారీ తోలినవాడు, మూడు నెలలు నీళ్ల బిందె ఎత్తొద్దన్నారట.

రెండోది కొత్త పద్ధతి. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం గుండె దాకా ఎక్కిస్తారు. వాల్వును గొడుగులా మడిచి అందులోంచి పంపి, పాత వాల్వు మధ్యలో విచ్చుకునేలా చేస్తారు. పాతది బయటికి రాదు, పక్కలకు ఒత్తుకుపోయి అక్కడే ఉంటుంది. ఎముక కోయడం, గుండె ఆపడం ఉండవు. ధర్మపురి నుంచి వచ్చిన సత్తమ్మకు ఇదే చేశారు. ఆమె నీ ఈడుదే. "మూడో దినం నడుసుకుంట బాత్రూంకు పోయిన. తొడ కాడ వంకాయ లెక్క నల్లగ కమిలింది గంతే" అంది. కాని ఆమె మెడ కింద చర్మం ఉబ్బెత్తుగా ఉంది. అదేమిటని అడిగితే, వాల్వు పెట్టాక గుండె మెల్లగా కొట్టుకోవడం మొదలైందని, దాన్ని తట్టి నడిపించే చిన్న మిషను ఒకటి మళ్లీ అక్కడ పెట్టారని చెప్పింది. ఈ సంగతి రాయొద్దని బాపు అన్నాడు, భయపడతావని. మంచివే ఏరి రాస్తే నీకు అనుమానం వస్తుందని నేనే ఒప్పించాను. ఇందులోనూ ప్రమాదం లేకపోలేదు. కొందరికి పక్షవాతం రావచ్చట, వాల్వు పక్కల నుంచి కొద్దిగా రక్తం కారవచ్చట.

వయసులో ఉన్నవాళ్లకైతే ఛాతీ తెరిచే పద్ధతే మేలని, ఎన్నో ఏళ్లుగా చూసిన పద్ధతని డాక్టరమ్మ అంది. నీకు మాత్రం అది వద్దంది. కట్టెల పొయ్యి పొగకు నీ ఊపిరితిత్తులు నీరసించాయి, కిడ్నీలు కూడా అంత బాగా లేవు. మిషను మీది నుంచి నువ్వు మళ్లీ తేరుకుంటావన్న ధీమా ఆమెకు లేదు. తొడలోంచి అయితే చేయిస్తానంది, హైదరాబాద్‌లో. ఖర్చు సంగతి నీ కొడుకులిద్దరూ చూసుకుంటారు, అది నువ్వు అడగొద్దు.

మూడోది. కొత్త వాల్వుకు చుట్టూ జాలీలాంటి లోహపు చట్రం, లోపల మెత్తటి పొర ఉంటాయి. ఆ పొరను మందు నీళ్లలో శుద్ధి చేసి ఉంచుతారు. నీ మాలకు ఏ అడ్డూ లేదని బాపు చెప్పమన్నాడు.

వచ్చే ఆదివారం హైదరాబాద్ బయలుదేరాలి, సోమవారం ఆస్పత్రిలో చేరి సంతకం పెట్టాలి. అందాకా మెట్లు ఎక్కకు. పొలాల పండుగకు ఎద్దుల కొమ్ములకు రంగులు కాక వేస్తాడు, నువ్వు గద్దె మీద కూర్చుని చూడు. మందులు వేళకు వేసుకో. నేను గురువారం సాయంత్రానికి వస్తున్నాను. నాకు ఈ ఊరి ఆస్పత్రి వాసన ముక్కులోంచి పోవాలంటే నీ ఇంటి గాలి తగలాలి.

ఇట్లు,
నీ పెద్దకొడుకు బిడ్డ,
దీక్షిత.

తా.క.

బాపమ్మా, పై పేజీలను బాపు పైకి చదివాడు, కాక విన్నాడు. మంచిగా రాశానన్నారు. కవరు అంటించే పని నాకు వదిలి భోజనానికి లేచారు. ఈ కాగితం వాళ్లు చూడలేదు. నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

వాల్వులోని ఆ మెత్తటి పొర పశువుది. ఎద్దుదో ఆవుదో గుండె చుట్టూ సంచిలా ఒక పొర ఉంటుంది, దాన్ని కోసి శుద్ధి చేసి వాల్వుకు కుడతారు. కొన్ని రకాల్లో పందిది వాడతారట. నీకు పెడదామనుకుంటున్నది ఆవు జాతిదే. డాక్టరమ్మను ఒంటరిగా కలిసి అడిగి తెలుసుకున్నాను.

ఏ ప్రాణిదీ కాని వాల్వు కూడా ఉంది, మొత్తం లోహంతో చేసింది. మల్లన్నకు పెట్టింది అదే. అది మడతపడదు, కాబట్టి తొడలోంచి పోదు, ఛాతీ తెరవాల్సిందే. పెట్టాక రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ మాత్ర వేసుకోవాలి, మాటిమాటికీ రక్తపరీక్ష చేయించుకోవాలి, చిన్న దెబ్బ తగిలినా రక్తం తొందరగా ఆగదు. నీకు అది సరిపడదనే డాక్టరమ్మ అంది. నువ్వు అదే కావాలంటే మాత్రం సర్జన్లతో మాట్లాడతానంది. ఏదీ చేయించకుండా ఉంటే ఎన్నాళ్లు అని కూడా అడిగాను. ఏడాదో, రెండేళ్లో అంది. అంతకు ముందే ఎప్పుడైనా మళ్లీ పడిపోవచ్చంది.

ఇదంతా నీకు చెప్పాలని నేనంటే బాపు ఒప్పుకోలేదు. "చెప్తే వద్దంటది. మా అవ్వ నాకు తెల్వదా? లోపటికి పోయినంక ఎవలు చూడవొయిన్రు" అన్నాడు. కాక గోడ వైపు తిరిగి, "పాపమొస్తె నాకు రానియ్యి వదినా, అవ్వ ఉండాలె" అని మా అవ్వకు చెప్పి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. వాళ్లను ఏమీ అనకు. నేను కూడా సరేనని కూర్చునే పై పేజీలు రాశాను. అబద్ధం నాది కాదు, బాపుది అన్నట్టు ఆ ఒక్క వాక్యాన్ని బాపు పేరు మీద పెట్టి తప్పించుకున్నాను.

బాపు చదువుతుంటే వింటూ నీ ప్రశ్నల గురించే ఆలోచించాను. నొప్పి పుడుతుందా అని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. చచ్చిపోతానా అని అడగలేదు. దేనితో చేస్తారని మాత్రం ఫోన్‌లో రెండుసార్లు అడిగావు.

నాకేం కావాలో కూడా చెబుతాను, దాచి లాభం లేదు. నువ్వు ఆ తొడలోంచి చేసే ఆపరేషనుకు ఒప్పుకోవాలి, ఇంకా చాలా ఏకాదశులు భజనలో నిలబడాలి. నీకు మాల వేసిన మహారాజ్‌ను అడుగుతావో, విఠోబా ముందు కూర్చుంటావో, ఎవరినీ అడగవో నీ ఇష్టం. గురువారం నేను వచ్చాక అవునన్నా కాదన్నా నాకు చెప్పు. బాపుకు, కాకకు నేను చెబుతాను. తిట్లు పడేదీ నేనే. కాదంటే నిన్ను ఒప్పించమని వాళ్లు మళ్లీ నా చేతికే కాగితం ఇస్తారు. నేను రాయను.

దీక్షిత