శ్రీవాణి కోసం కట్టిన ర్యాంపు

బండారులంక,
సెప్టెంబరు 14, 2024.

శ్రీవారికి,

మీ భూలక్ష్మి నమస్కరించి రాసే సంగతులు. మీరు దోహాలో ఆరోగ్యంగా ఉన్నారనీ, వేళకి తింటున్నారనీ తలుస్తాను. మేమూ అలాగే ఉన్నామని రాయబోయి రెండు కాగితాలు పాడుచేశాను. చివరికి ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

ఇన్ని ఫోనులుండగా ఉత్తరమేమిటని కంగారుపడతారు. ఫోనులో మొదలుపెడితే నాకు ఏడుపు తప్ప మాట రాదండీ. పక్కింటి ప్రసన్నకుమారిగారి అబ్బాయి అయ్యప్ప ఎల్లుండి అక్కడికే వస్తున్నాడు. మాగాయతో పాటు ఇదీ అతని చేతికిస్తున్నాను. బండి నడపబోయే ముందు చదవకండి. గదికి వెళ్లి, కూర్చుని చదవండి.

జూలై నుంచి ఫోను కెమెరా పాడైందని మీతో చెబుతూ వచ్చాను. కెమెరా బాగానే ఉంది. అమ్మాయి చెయ్యి మీ కంట పడకూడదని అలా చెప్పాం. శ్రీవాణి ర్యాంపు మీద నుంచి కుర్చీతో సహా పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. ప్రాణానికేం భయం లేదు, అది ముందే చెబుతున్నాను.

ఆ ర్యాంపు మీరెంత ఆశపడి కట్టించారో నాకు తెలుసు. కాలేజీ ఆటో కాలవలో బోల్తాపడి పిల్ల కాళ్లు చచ్చుబడిన దగ్గర్నుంచి, వీధిలోకి రావాలంటే నేను ఎత్తుకుని దించాల్సిందే. వరద భయానికి మామయ్యగారు పునాది అంత ఎత్తున లేపించారు కదా. కుర్చీలో తనంతట తాను దిగి వెళ్లేలా ర్యాంపు, కుర్చీతో సహా లోపలికెళ్లేలా స్నానాల గది ఉండాలని మీరన్నారు. మీ అక్కగారి భర్త అమలాపురంలో ఇళ్లు కట్టిస్తారు, సొంత మనిషి, దగ్గరుండి చూసుకుంటారని మధుబాబు అన్నయ్యగారికే పని అప్పజెప్పారు. నేనూ సంతోషించాను.

ఆయన దగ్గరుండలేదండీ. అపార్టుమెంటు పనుల మధ్య ఎప్పుడో వచ్చి, బండి దిగకుండానే మేస్త్రితో మాట్లాడి వెళ్లేవారు. ర్యాంపు పోస్తుంటే వెళ్లి చూశాను. అరుగు మీద నుంచి గేటు దాకా జారుడుబల్లలా ఉంది. ఇంత నిటారుగా ఉందేమిటని అడిగాను.

“ఇంకా పొడుగు లాగితే వాకిలంతా అదే అయిపోద్దమ్మా. రేపు మా బావమరిది పెద్దిరాజు కారు కొంటే ఎక్కడ పెట్టుకుంటాడు?” అన్నారు.

వేరే ఇంటి హాల్లో మిగిలిన టైల్సు తెచ్చి దాని మీద పరిపించారు. అద్దంలా మెరిసేవి. పక్కన పట్టుకోవడానికి కమ్మీలు తర్వాత బిగిస్తామన్నారు. ఆ తర్వాత అనేది రాలేదు. స్నానాల గది తలుపు కుర్చీకి చాలలేదు, చక్రం గుమ్మానికి తగిలి ఆగిపోయేది. లోపల నీళ్లు పోయే వాటం తూము వైపు కాకుండా గది వైపు పెట్టారు. స్నానం చేయిస్తే నీళ్లన్నీ పిల్ల మంచం కిందికి వచ్చేవి. ఫోను చేసిన ప్రతిసారీ రేపు మేస్త్రిని పంపిస్తాననేవారు. గట్టిగా అడిగితే హేమ వదినగారు నొచ్చుకుంటారేమోనని ఆలోచించాను. మీతో చెబుదామంటే శ్రీవాణి ఒప్పుకోలేదు. నాన్నకి ఉన్నది ఒక్క అక్క, మన గోడలూ గుమ్మాల కోసం వాళ్ల మధ్య తగువు పెట్టొద్దు అంది. నేను వెనక నుంచి కుర్చీ పట్టుకుని దింపుతూ రోజులు నెట్టుకొచ్చాను.

ఆ రోజు పొద్దున సన్నటి జల్లు పడుతోంది. చీరల కొట్టువాళ్లు ఇచ్చిన పెళ్లికూతురి జాకెట్టుకి మగ్గం వర్కు పూర్తి చేసింది శ్రీవాణి. నెమళ్లు కుట్టింది. చేసినవాటిల్లో అదే బాగా వచ్చిందని మురిసిపోయింది. గేటు దగ్గర కొట్టమ్మాయి పిలిస్తే, నేను పెరట్లో ఉన్నానని, తనే ఒళ్లో పెట్టుకుని బయల్దేరింది. తడిసిన టైల్సు మీద కుర్చీ ఆగలేదు. ఆపబోయి చక్రం పట్టుకుంటే ఊచల మధ్య చెయ్యి ఇరుక్కుంది. పక్కన కమ్మీలు లేక కుర్చీ తిరగబడింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల బురదలో ఉంది. నన్ను చూసి ముందు అన్న మాట, “జాకెట్టు తడవనివ్వకమ్మా” అని.

అమలాపురంలో కట్టు కట్టి కాకినాడ పంపారు. అక్కడ ఆపరేషన్ చేశారు. అన్నయ్యగారూ వదినగారూ వచ్చారు, తిండీతిప్పలు అన్నీ వాళ్లే చూశారు, కాదనను. కానీ వరండాలో ఎవరితోనో, బ్రేకు వేసుకోకుండా దిగిందంట, పిల్ల తొందరపడింది అంటున్నారాయన. తలుపు తెరిచే ఉంది. శ్రీవాణి విన్నది. కళ్లు మూసుకుని పడుకుంది గానీ నిద్రపోలేదు.

ఇంటికొచ్చాక ఆయన పలకరించడానికి వచ్చారు. టీ తాగి లేస్తుంటే శ్రీవాణి మంచం మీద నుంచే పిలిచింది.

“మావయ్యా, ఒక్కసారి నా కుర్చీలో కూర్చుని గేటు దాకా దిగండి. బ్రేకు ఎక్కడ వెయ్యాలో నాకు చూపించండి.”

మాటలో కోపం లేదండీ. చదువుకునే పిల్ల లెక్క అడిగినట్టు అడిగింది. ఆయన నవ్వేసి, దానికేముందమ్మా అని కూర్చున్నారు. అరుగు అంచు దాకా వచ్చి కిందికి చూశారు. చక్రాల మీద ఆయన చేతులు బిగుసుకున్నాయి. కాళ్లు రెండూ నేలకి ఆన్చేశారు. లేచి, “చూసుకోలేదమ్మా, తప్పయిపోయింది” అన్నారు. ఆ మాట నాతో అన్నారో, పిల్లతో అన్నారో తెలీదు. ఎవరి వైపూ చూడలేదు.

మర్నాడు గునపం పట్టుకుని ఆయనే వచ్చారు. కూలీలున్నా తనే కొట్టారు. ఇప్పుడు మన వాకిట్లో ఉన్న ర్యాంపు పొడుగ్గా మలుపు తిరిగి ఉంటుంది. గరుకు రాయి, రెండు పక్కలా కమ్మీలు. స్నానాల గది తలుపు వెడల్పు చేయించారు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

కానీ కుర్చీ తోసుకోవడానికి రెండు చేతులూ కావాలి కదండీ. ఒక్క ఎడమ చేత్తో తోస్తే అది ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. కొత్త ర్యాంపు మీద మొదటిరోజు అలాగే తిరిగింది. తిరిగి, నవ్వింది. ఆ తర్వాత లోపలికి తీసుకెళ్లమ్మా అంది. మళ్లీ బయటికి వస్తానని అడగలేదు.

డాక్టరుగారు చెయ్యి మెల్లగా తిరిగి వస్తుందన్నారు. వ్యాయామం మానకూడదట. మానడం లేదు. మీరు దిగులు పెట్టుకోకండి. బావగారికి ఫోను చేసి మాట తూలకండి. ఆయన ఇటు వస్తే ఇప్పుడు అరుగు ఎక్కరు, గేటు దగ్గరే నిలబడి పిల్ల ఎలా ఉందని అడిగి వెళ్లిపోతారు. హేమ వదినగారు మాత్రం రోజూ వచ్చి దానికి తల దువ్వి జడ వేస్తున్నారు. నన్ను చూస్తే ఏడుస్తారు. ఎవరిని ఏమనను, చెప్పండి.

ఒంటిమీద శ్రద్ధ ఉంచుకోండి.

ఇట్లు,
మీ భూలక్ష్మి

తా.క. పైదంతా ఇంట్లో రాసింది. అమ్మాయి పట్టుబట్టి చదివింది, అక్షరాలు కూడా దిద్దింది. ఇది ప్రసన్నకుమారిగారి వసారాలో కూర్చుని రాస్తున్నాను. చెయ్యి రాదండీ. డాక్టరుగారు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి చెప్పారు. నరం తెగిపోయింది, వేళ్లకి ఇక పట్టు రాదు, సూది పట్టుకోలేదు అన్నారు. దానికి తెలీదు. రబ్బరు బంతి ఒళ్లో పెట్టుకుని పొద్దస్తమానం నొక్కుతోంది. కార్తీకమాసం పెళ్లిళ్లకి జాకెట్లు ఒప్పుకోమ్మా అంటోంది. సరేనంటున్నాను. నా నోటితో ఆ మాట దానికి చెప్పలేను. సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా మీరు వచ్చెయ్యండి.