ఎనిమిది పేజీల పాఠం

జూన్ 3
మా అప్లికేషన్ పాసైంది! మూడేళ్ళ గది అద్దె, పుస్తకాలు ఓ ఫౌండేషన్ వాళ్ళే ఇస్తారు. మా వదిన దగ్గర చదువుకునే పదకొండు మంది పెద్దవాళ్ళూ పదిహేనో తారీఖులోగా అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టాలి. లేకపోతే నెలాఖరుకి గది పోతుంది, వదిన నడిపే సాయంత్రం బడి మూతపడుతుంది. నేను ఎగిరి గంతేశాను. వదిన కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆ అగ్రిమెంట్ మన భాషలోనే ఉందా అని అడిగింది. అంతే.

జూన్ 4
ముప్పై ఏళ్ళు బస్సులో జనాన్ని తొందరపెట్టిన కండక్టరు మా వదిన, రిటైరయ్యాక బొత్తిగా తొందర మానేసింది. ఎనిమిది పేజీల అగ్రిమెంట్‌ని పదకొండు జెరాక్సులు తీయించింది. ఇక ఇదే పాఠమట! రెండు నిమిషాల్లో నేను చెప్పేస్తానన్నాను. ఇన్నాళ్ళూ ఎవరో ఒకళ్ళు అలా చెప్పేస్తేనే కదే వీళ్ళు వేలిముద్రలేసింది అంది. జెరాక్సులకి పిన్నులు కొట్టాను.

జూన్ 6
ఒక్క పేరా. ఒక్కటంటే ఒక్కటి!

జూన్ 10, సాయంత్రం 7
రెండో పేజీ. 'నిబంధన' దగ్గర తాపీమేస్త్రికి చెమటలు పట్టాయి. యాభై ఐదేళ్ళ మనిషి. పగలంతా పరంజా మీద నిలబడి వచ్చి, ఒక్కో అక్షరం కిందా వేలు పెట్టి చదువుతాడు. నేను అందించబోతే వదిన ఒక చూపు చూసింది. చివరికి తనే పట్టేశాడు. అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను, ఓ కన్ను క్యాలెండర్ మీద వేసి.

జూన్ 14
ఐదో పేజీ. వీళ్ళ పేర్లు, ఫొటోలు 'ఒకప్పటి నిరక్షరాస్యులు' అని పోస్టర్ల మీద వేసుకోవచ్చట. ఈ కాగితాలు నాకు ముందే పంపారు. నేను మొదటి పేజీతో చదవడం ఆపేశాను.

ఇస్త్రీ అక్క ఆ వాక్యం రెండుసార్లు చదివి తెల్లబోయింది. తనకి చదువు రాదని ఇంట్లో కొత్త కోడలికి తెలియదు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. వదిన నన్ను పల్లెత్తు మాట అనలేదు. మీరేమంటారని వాళ్ళనే అడిగింది. మా మొహాలు గోడకెక్కించేది లేదు, గది పోతే మెట్ల మీద కూర్చుంటాం అన్నాడు మేస్త్రి.

జూన్ 15
ఫౌండేషన్‌కి ఉత్తరం చదువుకునేవాళ్ళే రాశారు. ఆ నిబంధన తీసేస్తేనే సంతకాలట. మిగతా మూడు పేజీలు చదవడానికి ఇంకో వారం కావాలట! మూడు తప్పులున్నాయి. దిద్దబోతే వదిన పెన్ను లాక్కుంది. ఇంత గొప్ప మనిషి మా ఇంట్లోనే ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియనే లేదు.

జూన్ 22
ఫౌండేషన్ నుంచి ఫోన్. నిబంధన తీసేశారు, గడువూ పెంచారు. ఇన్నేళ్ళలో అంతదాకా చదివి అడిగింది మేమేనట.

మేము కాదు. వాళ్ళు.