మూడోసారి అడిగితేనే

జూన్ 3, సోమవారం

కాల్ సెంటర్ బోర్డు మీద నా పేరు ఎక్కింది. గత నెలలో అందరికంటే తక్కువ రివర్సల్స్ ఇచ్చిన ఘనత నాదే. టీమ్ లీడర్ అందరి ముందూ చాక్లెట్ ఇచ్చాడు. ఆయన్ని మేమంతా గడియారం అంటాం. మనిషి ముఖం చూడడు, కాల్ ఎన్ని నిమిషాలైందో చూస్తాడు. ప్రొబేషన్ 28వ తేదీతో అయిపోతుందనీ, ఇలాగే ఉంటే పర్మనెంట్ ఖాయమనీ చెప్పాడు.

బయట ఎవరికీ చెప్పకూడదు కాబట్టి ఇక్కడైనా రాసుకుంటాను. ఖాతా మైనస్‌లోకి వెళ్ళినప్పుడల్లా మా బ్యాంకు 450 ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు లాగుతుంది. కస్టమర్ ఫోన్ చేసి వెనక్కి ఇమ్మంటాడు. మొదటిసారి అడిగితే పాలసీ చదవాలి. రెండోసారి అడిగితే బ్యాలెన్స్ ఎలా చూసుకోవాలో నేర్పాలి. అదే సంభాషణలో మూడోసారి కూడా అడిగితే, అప్పుడు మాత్రమే రివర్సల్ బటన్ నొక్కాలి. ఈ రూలు ఏ కాగితం మీదా లేదు. ట్రైనింగులో గడియారం వేళ్ళు ముడిచి చూపించాడంతే. కస్టమర్ చెవిన వేసినవాళ్ళు మర్నాడు సీట్లో ఉండరు.

చాక్లెట్ బాగుంది.

జూన్ 5, బుధవారం

పొద్దున ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఊపిరి తీసుకోకుండా మూడుసార్లు అడిగేశాడు. ఇచ్చేశాను. ఆ తర్వాత ఒకావిడ. వెనక పసిబిడ్డ ఏడుస్తోంది. ఒకసారి అడిగింది, పాలసీ వింది, సరేనండీ అని పెట్టేసింది. తిట్టిన వాడికి డబ్బు, మర్యాదస్తురాలికి పాలసీ. కాసేపు ఏదోలా అనిపించింది. కాసేపే.

మధ్యాహ్నం 3.10

బుధవారాలు మధ్యాహ్నం నుంచి చాట్ డ్యూటీ. క్యూలో మొదటి వాక్యాలు కనబడతాయి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చు. కస్టమర్ పేరు కనబడదు, ఖాతా చివరి నాలుగంకెలు మాత్రం కనబడతాయి. మా పేర్లూ వాళ్ళకు కనబడవు. ఆడా మగా అందరం "మాయ"లమే.

ఇవాళ ఒకరు చాట్‌ని ఉత్తరంలా మొదలుపెట్టారు. "గౌరవనీయులైన మాయ గారికి" అట. నా ఖాతాలో ఏడుసార్లు జరిమానా పడింది, నేను డబ్బు కట్టాకే వాయిదాలు పోయాయి, వీలుంటే పరిశీలించగలరు అని రాశారు. పాలసీ పేస్ట్ చేశాను. మీ శ్రమకు కృతజ్ఞతలు, ఇట్లు, అని ముగించి వెళ్ళిపోయారు. మొత్తం నిమిషం యాభై సెకన్లు. పక్క సీటు అక్కకి చూపించాను. ఇద్దరం కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

జూన్ 8, శనివారం

సెలవు. మధ్యాహ్నం నాన్న కంచం ముందు కూర్చున్నాడో లేదో ఒకావిడ తలుపు కొట్టింది. తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకుందట, కాస్త వస్తారా అంది. నాన్న తాళాలు బాగుచేస్తాడు, తాళంచెవులకు నకళ్ళు కోస్తాడు. కలిపిన ముద్ద అలాగే వదిలి, చెయ్యి కడుక్కుని, పనిముట్ల సంచీ అందుకున్నాడు. తినేసి వెళ్ళొచ్చుగా అని కేకలేశాను. బయట నిలబడ్డ మనిషి చేత రెండోసారి అడిగించకూడదన్నాడు. అమ్మ పోయిన ఈ నాలుగేళ్ళలో ఈ మనిషి వేడి అన్నం తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వచ్చాక ఇంకో విషయం బయటపడింది. బస్సు మానేసి షాపుకి నడిచి వెళ్తున్నాడు. నడిస్తే మోకాళ్ళకి మంచిదట. ఆ మోకాళ్ళ సంగతి నాకు తెలియదా!

జూన్ 12, బుధవారం

గౌరవనీయులు రోజూ వస్తున్నారట. ఆఫీసులో అదే పేరు స్థిరపడిపోయింది. రోజుకొక ఉత్తరం, అందులో ఒక్కటే విన్నపం, చివర కృతజ్ఞతలు. రెండోసారి ఎప్పుడు అడుగుతారో అని అబ్బాయిలు పందెం వేసుకున్నారు. నన్నూ వేయమన్నారు. ఎప్పటికీ అడగరని వేశాను.

జూన్ 15, శనివారం

రాయాలని లేదు. అయినా రాయాలి.

పొద్దున నాన్న షాపుకి వెళ్ళాక షాపుల సముదాయం ఆఫీసు నుంచి మనిషి వచ్చి నోటీసు ఇచ్చాడు. అద్దె ప్రతి నెలా 20న ఖాతాలోంచి దానంతటదే పోవాలి, చేతికిస్తే తీసుకోరు. రెండు నెలలుగా పోలేదు, ఆ పాత బాకీకి గడువిస్తారట. మూడోసారీ పోకపోతే షాపుకి వాళ్ళ తాళం పడుతుంది. తాళాలు తీసేవాడి షాపుకి తాళం. వచ్చినవాడు అది జోకనుకుని నవ్వాడు కూడా. చెంప పగలగొట్టాలనిపించింది.

నాన్న బీరువాలో తాళంచెవుల డబ్బా కింద స్టేట్‌మెంట్ దొరికింది. మా బ్యాంకుదే. ప్రొబేషన్‌లో ఐదు కొత్త ఖాతాలు తేవాలంటే మొదట నాన్నదే మార్పించాను. ఇరవై ఏళ్ళ పాత ఖాతా నా టార్గెట్ కోసం మూసేసి వచ్చాడు.

తాళంచెవులు కోసే మిషన్‌కి వారం వారం వాయిదా. నాన్న పొద్దున్నే వెళ్ళి డబ్బు కట్టేవాడు, వాయిదా సాయంత్రం పోయేది. స్టేట్‌మెంట్‌లో మాత్రం వాయిదా ముందు, నాన్న కట్టింది వెనక. మధ్యలో ఖాతా మైనస్ అయినట్టు చూపించి 450. ఆ 450 వల్ల పైవారం మళ్ళీ మైనస్, మళ్ళీ 450. అలా తొమ్మిది. మొత్తం 4,050. ఇప్పుడు ఖాతా మైనస్ 1,150లో ఉంది. అద్దె 2,400. ఫీజులు తిరిగొస్తే అద్దె పోయి ఇంకా మిగులుతుంది. రాకపోతే షాపు లేదు.

మధ్యాహ్నం 2.00

నాన్న వచ్చాడు. నాకెందుకు చెప్పలేదని అడిగాను, అడిగానంటే అరిచాను. నీ కొలువు ఇంకా ఖాయం కాలేదు, సొంత ఇంటి గొడవ తెచ్చిందని నీకు మాట వస్తుందని ఊరుకున్నానన్నాడు. అయినా చేతులు ముడుచుకుని కూర్చోలేదట. కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళి ఆదివారం తప్ప తొమ్మిది రోజులుగా రోజూ అడుగుతున్నాడట.

"మాయ అని ఒక అమ్మాయి ఉంది. చాలా మర్యాదగా సమాధానం ఇస్తుందమ్మా. ఆ పిల్ల చేతుల్లో ఏమీ లేదు పాపం."

స్టేట్‌మెంట్ మీద చివరి నాలుగంకెలు మళ్ళీ చూశాను. చూడాల్సిన పని లేదు. ఐదో తేదీ నుంచి నాకు నోటికి వచ్చు.

జూన్ 16, ఆదివారం

నవ్వాను. నేను నవ్వాను.

జూన్ 17, సోమవారం

మూడు రోజులుంది. నా పర్సులో 900 ఉన్నాయి, జీతం నెలాఖరుకి. పక్క సీటు అక్కను అడిగాను. ఆవిడ పర్సు నా పర్సుకి కవల. నాన్న గల్లా పెట్టె కూడా ఊడ్చి చూశాం. మొత్తం కలిపి ఖాతాలో వేసినా అద్దెకి అందదు. ముందు ఆ మైనస్సే మింగేస్తుంది.

ఇక వేరే దారి లేక నాన్నకి రూలు చెప్పేశాను. చెప్పాక కిటికీ మూశాను, ఎవరో వింటున్నట్టు. ఒకే చాట్‌లో మూడుసార్లు అడుగు నాన్నా, ఇచ్చేస్తారు, ఇంకేం అక్కర్లేదు అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను.

నాన్న చేతిలో ఉన్న తాళంచెవిని ఆకురాయితో ఒక్కో పన్నూ రుద్దుతూ ఉన్నాడు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు. "అయితే మొదటిసారే వినబడిందన్నమాట. వినబడీ ఊరుకున్నారన్నమాట."

ఊరుకున్నది ఎవరు అని నాన్న అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్ని.

తరువాత నేనే బతిమాలాను. ఒక తాళానికి మూడు చెవులు పెట్టి చూడవా, అలాంటిదే అనుకో అన్నాను. అది ఇనుము, వీళ్ళు మనుషులు అన్నాడు. అడుక్కోవడం చేతకాదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నీ మర్యాద పట్టుకుని రోడ్డు మీద కూర్చో అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

జూన్ 18, మంగళవారం

ప్రయత్నిస్తాను అన్నాడు. అంతే.

జూన్ 19, బుధవారం, సాయంత్రం 6.00

వరుసగా రాస్తాను, మర్చిపోకుండా.

మధ్యాహ్నం చాట్‌లో కూర్చున్నాను. రేపు పొద్దున తొమ్మిదింటికి అద్దె. వేరే చాట్‌లు నడుపుతూనే క్యూ వైపే చూస్తున్నాను. 3.40కి వచ్చింది. "గౌరవనీయులైన మాయ గారికి." వెనక ఎవడో పందెం సంగతి ఎత్తాడు. వాడి చెయ్యి పడకముందే ఆ చాట్ నేను లాగేసుకున్నాను.

నాన్న అడిగాడు. ఒకటి. పాలసీ పేస్ట్ చేశాను. చెయ్యకపోతే సిస్టమ్ ముందుకు పోదు. నా తండ్రికి నేనే, మీ బ్యాలెన్స్ మీ బాధ్యత, అని పంపించాను.

తర్వాత జవాబు వచ్చింది. "మరల అడుగుతున్నందుకు మన్నించగలరు. రేపటికి ఆ సొమ్ము చాలా అవసరం." రెండు. నాన్న జీవితంలో ఎవరినైనా రెండోసారి అడగడం నేను చూడటం ఇదే మొదలు. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా డాక్టర్‌ని ఒకసారే అడిగాడు.

రెండో పేరా పేస్ట్ చేశాను. ఇంకొక్కటి నాన్నా. ఒక్కటి.

అటువైపు టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. నా స్క్రీన్ మీద టైమ్ ఎర్రబడింది. గడియారం వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఎనిమిది నిమిషాలైంది, క్లోజ్ చెయ్ అన్నాడు. కస్టమర్ టైప్ చేస్తున్నారండీ అన్నాను.

చివరికి వచ్చింది. "మీకు ఇబ్బంది అయితే వద్దమ్మా. మీ ఉద్యోగం జాగ్రత్త. ఇట్లు."

నాకు చెప్పాడో మాయకు చెప్పాడో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

గడియారం భుజం మీదుగా చెయ్యి చాపి క్లోజ్ బటన్ చూపించాడు. నేను ఫీజుల పేజీ తెరిచాను. అడ్డంగా ఎర్ర పట్టీ వచ్చింది. ఈ ఖాతా మీ కుటుంబ సభ్యులది, కొనసాగుతారా అని. ఆయన అప్పుడు చూశాడు. ఏం చేస్తున్నావని అడిగాడు. కొనసాగాను. ఒక్కో ఫీజుకీ ఒక్కో నొక్కు. తొమ్మిది. మౌస్ లాక్కోవచ్చు, లాక్కోలేదు. ఎందుకో ఆ మనిషి కూడా లెక్కపెడుతున్నట్టే నిలబడ్డాడు.

కారణం రాయమని గడి వస్తుంది. అందులో రాశాను. "ఈ కస్టమర్ ఒకే చాట్‌లో మూడుసార్లు అడగలేదు. పది రోజులు, రోజుకొకసారి అడిగారు. ఒకసారే అడిగిన వాళ్ళకి ఇవ్వకూడదని ఎక్కడ రాసి ఉందో చూపించగలరు."

సీటు కింద బ్యాగు తీసుకుని, చెప్పులు వేసుకుని వచ్చేశాను. బస్సులో ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

జూన్ 20, గురువారం, ఉదయం 9.04

అద్దె పోయింది. బ్యాలెన్స్ 500. ప్లస్.

జూన్ 21, శుక్రవారం

పిలిపించారు. గాజు గది, టేబుల్ మీద మంచినీళ్ళ సీసాలు, ఎవరూ తాగడం లేదు. ఆడిట్ మేడమ్ నేను రాసిన కారణం పైకి చదివారు. ఈ మూడుసార్లు ఏమిటని అడిగారు. గడియారం తన చేతి గడియారం చూసుకున్నాడు. ఆయన్ని అలా చూడటం బాగుందని రాస్తే అబద్ధమేం కాదు.

ఆ మూడు వాక్యాలు తీసేస్తే రాజీనామా చేసినట్టు రాసుకుంటామన్నారు, అనుభవం సర్టిఫికెట్ కూడా ఇస్తామన్నారు. తియ్యనన్నాను. మేడమ్ మళ్ళీ అడిగారు. తియ్యనన్నాను. మూడోసారి కూడా అడిగారు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

సొంతవాళ్ళ ఖాతా ముట్టుకున్నందుకు తీసేశారు. అది న్యాయమే, రూల్ బుక్‌లో ఉంది. డబ్బు మాత్రం వెనక్కి లాగలేదు. లాగాలంటే ఎందుకు లాగారో రాయాలి. రాస్తే ఆ రూలు కాగితం మీదికి వస్తుంది.

బయటికొస్తుంటే పక్క సీటు అక్క మెట్ల దాకా వచ్చింది. ఒకసారే అడిగి పెట్టేసిందని నేను చెప్పిన ఆ పసిబిడ్డ తల్లి నంబరు కాల్ లిస్టులో వెతికి, ఫీజు తిరిగివ్వడానికి తానే ఫోన్ చేస్తానంది. చేస్తుందో లేదో. భయం నాకు తెలుసు.

నాన్నకి ఇంటికొచ్చి చెప్పాను. ఎందుకు చేశావని ఒకసారి అడిగాడు. ఆ ఐదో తేదీ మాయ నేనే నాన్నా అన్నాను. నవ్వానని కూడా చెప్పాను. నాన్న లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 2, మంగళవారం

షాపులో నాకూ ఒక స్టూలు వేశాడు. నాన్న లేనప్పుడు ఒక పెద్దాయన వచ్చి, తలుపుకి తాళం పడిపోయిందమ్మా, కాస్త వస్తావా అన్నాడు. తాళం తీయడం ఇంకా సరిగ్గా రాదు.

ఒకసారే అడిగాడు. సంచీ తీసుకుని లేచాను.