లాండ్రీలో మావాళ్ళ పుస్తకాలు చదువుకొనుటకు అనుమతి గురించి

బెల్ ఫెర్రీ పట్టణ గ్రంథాలయాధికారి గారికి, మల్బరీ వీధి నివాసి, విశ్రాంత బస్సు డ్రైవరు ఆర్లెతా పెటిగ్రూ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నల్లజాతి రచయితల పుస్తక పఠన కార్యక్రమమును రద్దు చేయక, గ్రంథాలయమునకు ఎదురుగా ఉన్న లాండ్రీకి మార్చుట గురించి.

1. మావాళ్ళు రాసిన కథలు, కవితలు గురువారం సాయంత్రాలు పైకి చదివి ముచ్చటించుకొను ఈ కార్యక్రమమును నేనూ, నా స్నేహితురాలు ఒడెస్సా క్రంప్ కలిసి మన గ్రంథాలయ శాఖలో ప్రారంభించితిమి. ఒడెస్సా కిందటి చలికాలం కాలం చేసినది. మాతో కూర్చొను మా చర్చి పెద్ద, డీకన్ టాలివర్ గారిని కూతురు అట్లాంటా తీసుకుపోయినది. మోకాళ్ళ నొప్పులని కొందరు, మనవల కాపలా అని కొందరు మానుకొనిరి. "హాజరు ఒక్కరు, ఆమె కూడా నిర్వాహకురాలే, కావున రద్దు" అని తమరు పంపిన ఉత్తర్వులో అబద్ధమేమీ లేదు.

2. ఒక్కదాన్నే అయినను నేను పైకే చదువుచుంటిని. మా పుస్తకాలు మనసులో చదువుకుంటే సగమే వినపడతాయి. శాఖ ఉద్యోగి ఫిలిప్ గారు ఒకనాడు తలుపు తీసి, "మిస్ ఆర్లెతా, ఎవరితోనండీ మాటలు?" అని అడిగారు.

"ఒడెస్సాతో" అనేశాను.

ఆయన మెల్లిగా తలుపు వేసి వెళ్ళిపోయారు. ఆ రోజు నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు. అక్కడా ఎవరూ లేరు.

3. మా ఇంటి వాషింగ్ మెషీను పాడై, నాణేలు వేసి ఎవరి బట్టలు వారే ఉతుక్కొను ఆ ఎదుటి లాండ్రీకి పోవలసి వచ్చినది. బట్టలు తిరుగుతుంటే అలవాటు కొద్దీ పైకే చదివాను. పక్కన మడతలు పెట్టుకుంటున్న టమెకా అనే అమ్మాయి చెయ్యి ఆపింది.

"ఏం పుస్తకం పెద్దమ్మా అది? అందులో ముసల్ది అచ్చం మా అమ్మమ్మలాగే తిడుతోందే!"

"మనవాళ్ళు రాసిందేనమ్మా."

"ఇట్లా మాట్లాడేవాళ్ళని కూడా పుస్తకాల్లో పెడతారా? బడిలో ఒక్కళ్ళూ చెప్పలేదే! ఆపకు, ఆపకు. ఇంతకీ వాడు ఇంటికొచ్చాడా, లేదా?"

నా మాటకు ఎదురుమాట విని ఎన్నాళ్ళయిందో. అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ అందుకొంటిని.

4. కార్యక్రమము గ్రంథాలయ భవనములోనే జరగవలెనని నిబంధన. భవనములో జనం లేరు. లాండ్రీలో ఉన్నవారు బట్టలు ఆరేదాకా ఎక్కడికీ పోలేరు. యజమాని హోరెస్ గారు, "చదువుకో తల్లీ, నా మెషీన్ల మీదెక్కి మాత్రం ఎవర్నీ కూర్చోనియ్యకు" అన్నారు. కావున అక్కడ చదువుటకును, శాఖ పుస్తకములు అక్కడివారికి అరువిచ్చుటకును అనుమతి కోరుచున్నాను. ఇది ఒంటరి ముసలిదాని గోలగా కాక, ఆ పుస్తకాల తరఫు మనవిగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఆర్లెతా పెటిగ్రూ

తా.క.: అనుమతి వచ్చేదాకా ఆగలేక నిన్న అక్కడ చదివేశాను, క్షమించండి. టమెకా రాలేదు, డ్యూటీ మారిందట. కొందరు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యలేదు. ఒకాయన గోడకి ఆనుకుని నిద్రపోయాడు. ఇక చాలనుకుని పుస్తకం మూసి లేచాను.

"తర్వాత?" అన్నాడాయన, కళ్ళు తెరవకుండానే.