మార్చుకున్న వాగ్దానం కార్డు

బావా,

ఈ ఉదయం మన పూండి చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన కాస్తా రభస అయిపోయింది. నువ్వుంటే తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాడివి.

ఎప్పటిలాగే పాస్టరుగారు ఈ ఏడాదికి దేవుడిచ్చే మాటగా మనిషికో వాగ్దానం తీసుకోమని, బైబిలు వాక్యాలు రాసిన కార్డులు పళ్లెంలో బోర్లించి తెచ్చారు. మన మనవరాలు గ్రేసుకి శ్రమల్లో ఓర్చుకోమన్న వాక్యం వచ్చింది. అది మూతి ముడిచి, కార్డు తిరిగి పళ్లెంలో పడేసి, ఇంకోటి తీసుకుంది!

సంఘపెద్ద కదా, మా అన్నయ్య ఊరుకుంటాడా? "దేవుడు రాసిచ్చింది మార్సెత్తావేటే?" అని లేచాడు.

"దేవుడు అన్నీ ముందే రాసీసి తాళమెయ్యడని తాత సెప్పినాడు. మనమంటే పేమ కాబట్టి మనల్నడిగి రాత్తాడంట," అంది గ్రేసు.

అందరూ నావైపు చూశారు. తుఫానుకి జీడితోట పడిపోయినప్పుడు కూడా అంతా ముందే రాసి ఉందని నీతో మూడు రోజులు పోట్లాడినదాన్ని కదా.

"నచ్చకపోతే మూడోది తియ్యే," అన్నాను. పాస్టరుగారు గబుక్కున పళ్లెం మీద బైబిలు మూతపెట్టేశారు.

ఏం చెయ్యను బావా? కిందటేడు నాకు కన్నీళ్లు తుడుస్తానన్న వాగ్దానం వచ్చింది. తుడవాలంటే ముందు కన్నీళ్లు రావాలిగా అని నేను ముక్కు చీదుతుంటే, "దీనికేటే ఏడుపు, ఇలాగియ్యి" అని నాది లాక్కుని, నీ దీర్ఘాయుష్షు కార్డు నా చేతిలో పెట్టావు. వానలు పడకముందే వెళ్లిపోయావు.

నీ కార్డు నా బైబిల్లోనే ఉంది. తిరిగిచ్చేద్దామంటే, ఏ పళ్లెంలో పెట్టాలో తెలియడం లేదు.