ప్యాకెట్ మీద ఒక్క గీత

మహబూబాబాద్,
11-10-2011, మంగళవారం, ఉదయం 9.30 గం.

రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: భూపాలపల్లిలో ఉన్న గంగి అను మహిళ ఈ మధ్యాహ్నం భోజనానంతరం మందు తాగకుండా ఆపించుట గురించి.

1. నేను తొర్రూరులో మందుల దుకాణం నడుపుకొను వాడను. మా దగ్గరి తండాకు చెందిన గంగి, వయసు 46, నాలుగేళ్లుగా పత్తి మిల్లు షెడ్డులో పని చేసినది. నడుము, తొడల ఎముకల నొప్పితో మెట్లెక్కలేకపోగా వరంగల్‌లో రక్త పరీక్ష చేసి విటమిన్ డి బాగా తక్కువున్నదని తేల్చారు. అరవై వేల యూనిట్ల పొడి ప్యాకెట్ వారానికొకటి పాలలో కలిపి, ఎనిమిది వారాలు తాగమని చీటీ రాశారు. కాల్షియం బిళ్ల రోజూ వేసుకోమన్నారు.

2. సెప్టెంబరు 10న ఆ చీటీతో నా దుకాణానికి వచ్చినది. "జిందగంత ఎండలనే కాలినం. గిప్పుడు ఎండ తక్కువైందంటడేందన్న డాక్టరు?" అని నవ్వినది. నేనూ నవ్వాను. తెలంగాణ కోసం సమ్మె మొదలైతే బస్సులుండవని, గనిలో కాంట్రాక్టు కూలీగా ఉన్న కొడుకు ప్రేమ్‌సింగ్ దగ్గరికి భూపాలపల్లి పోతున్నానని చెప్పినది.

3. చదువు రాని వారికి మందు ఇచ్చేటప్పుడు ప్యాకెట్ మీద గీతలు గీయడం మా దుకాణాల్లో పద్ధతి. ఒక గీత అంటే రోజుకొకసారి. రెండు గీతలంటే పొద్దున, రాత్రి. వారానికొకసారి అనడానికి గీత లేదు. నేను ఎనిమిది ప్యాకెట్ల మీద ఒక్కొక్క గీత గీసి ఇచ్చాను. వారానికొకటి అని నోటితో చెప్పానని వాదించవచ్చును. కాని ఆ రోజు దుకాణంలో జనం ఎక్కువ. చెప్పానో లేదో నాకు గుర్తు లేదు.

4. నిన్న సాయంత్రం 6.10కి ప్రేమ్‌సింగ్ ఫోన్ చేశాడు. మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"అన్న, అమ్మకు దూప ఆగుతలేదు. బిందెలు బిందెలు తాగుతున్నది, కక్కుతున్నది. నన్ను పట్టుకొని నువ్వెవ్వలు బిడ్డా అంటున్నది."

"మందు ఎట్ల తాపుతున్నవ్ తమ్మీ?"

"పగటి బువ్వ తిన్నంక పాలల్ల. నువ్వు ఒక్క గీత గీసినవ్ గదనే, పొద్దుకొకటే. ఒక్క దినం తప్పలె. నువ్విచ్చినయి ఒడిసినంక గీత చూపెట్టి ఈడ దుకాణంల తెచ్చిన. గని అన్న, తాగింది తాగినట్టే కక్కుతున్నది. రేపటి సంది రెండు తాపాల్నా?"

వద్దని నేను అనేలోపు ఫోను ఆగిపోయినది. బొగ్గు లేక కరెంటు కోత అని, ఛార్జింగు అయిపోవస్తున్నదని మొదటే చెప్పాడు. అప్పటి నుండి ముప్పై నాలుగు సార్లు చేశాను. స్విచ్ ఆఫ్.

5. ఆమె భూపాలపల్లి చేరి మందు మొదలుపెట్టిన సెప్టెంబరు 12 నుండి నిన్నటి దాకా ఇరవై తొమ్మిది రోజులు. ఇరవై తొమ్మిది వారాల మందు ఆమె ఒంట్లో ఉన్నది. ఈ విటమిన్ హద్దు దాటితే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మతి తప్పడం, ఆపై కిడ్నీలు చెడటం జరుగుతుంది. ఇది నేను పరీక్ష కోసం చదివి పాసైన పాఠమే. చీటీ రాసిన డాక్టరు గారికి రాత్రే ఫోన్ చేశాను. మందు, కాల్షియం రెండూ ఆపి, వెంటనే సెలైన్ ఎక్కించే దవాఖానకు చేర్చమన్నారు.

6. 108కి చెప్పితిని. ఇంటి గుర్తు అడిగారు. నాకు తెలియదు. పోలీసు స్టేషనులో అడిగితే, వైర్‌లెస్ ద్వారా భూపాలపల్లిలో వెతికించాలంటే తమ ఉత్తరం కావాలన్నారు.

7. ఇదే మందు ఇదే గీతతో తీసుకున్న మరి ముగ్గురు తొర్రూరులోనే ఉన్నందున, రాత్రి ఇళ్లకు పోయి ప్యాకెట్లు వెనక్కి తెచ్చాను. వారిలో సారయ్య అనే పెద్దమనిషి, "అమ్మిన మందు గుంజుకపోయే దుకాణం గిప్పుడే చూస్తున్నరా నాయినా" అన్నాడు. ముగ్గురిలో ఎవరూ రెండుకు మించి తాగలేదు. ప్రమాదం లేదు.

8. తమ కార్యాలయం ముందు సమ్మె టెంటులో ఉన్న అర్జీలు తీసుకుని ముద్ర వేసే ఇన్‌వర్డ్ గుమాస్తా విద్యాసాగర్ గారు ముందు అర్జీ తీసుకొననన్నారు. "ఇరవై తొమ్మిది దినాలాయె అన్న ముద్ర పట్టక. తెలంగాణ వచ్చినంక రా, రెండు ముద్రలేస్త" అన్నారు. ఇరవై తొమ్మిది అన్న మాటకు, గంగి తాగినవీ అన్నేనంటిని. సంగతి చెప్పగా లేచి నిలబడి, "ముద్రయితే ఎయ్య. గని సారు ఇంటికి నేనే ఉరుకుత, జెల్ది రాయి" అన్నారు. నేను సమ్మెకు వ్యతిరేకిని కాను. మొదటి రోజు నా దుకాణం షట్టర్ నేనే దించాను.

కావున అయ్యా, భూపాలపల్లి గని కూలీల గుడిసెల్లో గంగిని, ప్రేమ్‌సింగ్‌ను వెతికించి, మధ్యాహ్నం కాకముందే మందు ఆపించవలెనని, తప్పు నాదేనని ఒప్పుకొని ప్రార్థిస్తున్నాను. నా లైసెన్సు విషయం తర్వాత విచారించవచ్చును. ముందు ఇది చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మహీధర్

తా.క. సార్, 9.50కి ప్రేమ్‌సింగ్ ఎవరి ఫోన్‌తోనో చేసిండు. "అన్న, జల్ది నయమైతదని పొద్దుగాలనే రెండు తాపిన. పండుకున్నది. లేపితే లేస్తలేదు." శ్వాస ఉన్నదన్నడు. ఇంకేం తాపొద్దని చెప్పిన. పైన రాసింది కొట్టేయండి, ఆపించుడు కాదు, ఆమెను దవాఖానకు చేర్చుడు కావాలె. గుర్తు దొరికింది: నీళ్ల ట్యాంకు వెనుక రేకుల గుడిసెలు, మూడో వరుస, నీలం తలుపు. 108 బయలుదేరింది గని తొవ్వల రాస్తారోకో ఉన్నదట. జెండాలు పట్టుకున్నోళ్లు మనోళ్లే సార్. ఒక్క బండి ఇడువమని చెప్పించండి. నేను మోటర్ సైకిల్ మీద పోతున్న. దుకాణం తాళంచెయ్యి విద్యాసాగరన్న చేతుల పెట్టిన. సీలు వేసుకోండి.