సగం రొట్టె మిగలని ఇల్లు

పాశమైలారం,
ఆదివారం.

అక్కకు తమ్ముడు నారాయణ నమస్కరించి తెలియజేసుకునేది.

ఇక్కడ నేను తింటున్నాను, నిద్రపోతున్నాను, ఉద్యోగానికి వెళ్లి తిరిగి వస్తున్నాను. ఈ ప్రాంతంలో మూడోదాన్ని కూడా క్షేమం కిందే లెక్కిస్తారు కనుక నేను క్షేమంగా ఉన్నట్టు భావించగలవు. బావగారి నడుము, మీ అత్తగారి చెవి, చిన్నదాని చదువు ఏ స్థితిలో ఉన్నాయో విడివిడిగా రాయి. "అందరం బాగున్నాం" అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం ఇకపై అంగీకరించబడదు.

వాతావరణం విషయానికి వస్తే, పగలు ఎండ, సాయంత్రం వాసన. ఆ వాసన ఎవరిదన్న ప్రశ్నకు ప్రతి ఫ్యాక్టరీ పక్క ఫ్యాక్టరీ వైపు చూపిస్తుంది. తిండికి లోటు లేదు. జొన్నరొట్టె అలవాటైంది. ఉద్యోగం అదే: ఫ్యాక్టరీ గోడలకు తగిలించే హెచ్చరికలను తెలుగులోకి మార్చడం. ముట్టుకొనరాదు, పీల్చరాదు, పరుగెత్తరాదు. ఎం.ఏ.లో చదివిన సాహిత్యమంతా ప్రస్తుతం ఈ మూడు ముక్కల మీద విశ్రాంతి తీసుకుంటోంది.

ఇక నవల. ప్రచురణకర్తగారి షరతులు నీకు తెలిసినవే: పాత ఇల్లు ఉండాలి, మర్మం ఉండాలి, ప్రేమ ఉండాలి, దయ్యం రెండో అధ్యాయం దాటకుండా హాజరు కావాలి. మొదటి అధ్యాయం చదివి నువ్వు "ప్రేమ ఎక్కడుందిరా, అంతా తలుపుల చప్పుడే" అని రాశావు. అందుకు సంజాయిషీగా ఈ ఉత్తరం.

నేను కింద అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు మొగులమ్మ గురించి ఇదివరకే రాశాను. చూపు మందగించింది, వినికిడి అవసరానికి మించి ఉంది. పై గదిలో నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉంటారు. సుజాతకు ఒక మందుల కంపెనీ ప్యాకింగులో పగటి పని. సాయిలుకు మరో ఫ్యాక్టరీలో, రసాయనాలు మరిగే కడాయిల దగ్గర రాత్రి పని. ఆమె బస్సు ఎక్కాక అతడు ఇల్లు చేరతాడు. ఆమె ఇల్లు చేరేలోగా అతడు బయలుదేరతాడు. ఇద్దరికీ ఒకే మంచం, ఒకే ఫోను. ఆ ఫోను ఆమె దగ్గర ఉంటుంది. కలిసి ఉండటానికి మిగిలిన ఆదివారాన్ని కూడా ఆర్డర్లు పెరిగాయని ఆమె కంపెనీ తీసేసుకుంది.

కనుక వారి కాపురం కొంతకాలంగా ఒక స్టీలు డబ్బాలో నడుస్తోంది. ఆమె రొట్టెలు చేసి పెట్టి వెళుతుంది. అతడు తిని, ఎంత ఆకలితో వచ్చినా సగం రొట్టె మిగిల్చి పడుకుంటాడు. సాయంత్రం ఆమె ముందుగా ఆ సగం తింటుంది. దీని గురించి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదట.

ఈ మధ్య ఆ సగం మిగలడం మానేసింది. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఒకరోజు సుజాత నాతో అంది: "అన్నా, మా ఆయన డబ్బ ఊడ్చి పెడుతుండు. ఆకలి ఎక్కువైందా, నా మీద మనసు తక్కువైందా?"

ఓదార్చవలసిన సందర్భమే. నేను దాన్ని రెండో అధ్యాయంలో పెట్టాను. నా నవలలో రాత్రిపనికి వెళ్లిన భర్త చనిపోతాడు. భార్యకు ఎవరూ చెప్పరు. పగలు వచ్చి డబ్బా ఖాళీ చేసేది అతని ఆకారం మాత్రమే. దయ్యానికి ఆకలి ఉంటుంది గాని ఎవరికోసం మిగల్చాలో గుర్తుండదు. ఈ వాక్యం రాశాక నా మీద నాకే గౌరవం కలిగింది. మెట్ల మీద కూర్చుని మొగులమ్మకు చదివి వినిపించాను. చీకటి పడేలోగా అది పై గదికి చేరింది.

సాయిలు ముఖం ఈ మధ్య చూశావా అని మొగులమ్మను అడిగాను.

"టోపి పెట్టుకుంటడు, మూతికి గుడ్డ కట్టుకుంటడు. కంపెనీల కెళ్లి వచ్చెటోళ్లంత గట్లనే ఉంటరు సారూ. ఎవని మొఖం ఎవడు సూసిండు?"

అప్పుడు నాకొకటి తట్టింది. సాయిలు పైకి వెళ్లేటప్పుడు మూడో మెట్టు మీద ఆగి దగ్గేవాడు. మొన్న నా సెలవు రోజున నేను చూసిన మనిషి నా పలకరింపుకు తల వంచుకుని తిన్నగా పైకి వెళ్లాడు. ఆగలేదు, దగ్గలేదు. ఈ విషయాన్ని నాలుగో అధ్యాయానికి పనికొస్తుందని పక్కన పెట్టుకున్నాను. అయినా ఆ రోజు నుంచి మెట్ల వైపు కిటికీ మూసే పడుకుంటున్నాను.

నేను చదివి వినిపించిన మరుసటి సాయంత్రం సుజాత నా గుమ్మం దగ్గర నిలబడింది.

"అన్నా, నువ్వు రాసింది ఉత్తదే గద?"

కల్పన మాత్రమే అని హామీ ఇచ్చాను.

"గట్లైతే నా రొట్టె తినేది ఎవలు?"

చెప్పకుండా పని మానితే ప్యాకింగులో ఆమె చోటు మరొకరికి ఇచ్చేస్తారు. అది ఆమెకు తెలుసు. అయినా మరునాడు బస్సు ఎక్కలేదు. పై గదిలో తలుపు వెనక ఆమె, నేను, చీపురుతో మొగులమ్మ కూర్చున్నాం. బయట చెప్పులు విడిచిన చప్పుడైంది. ఒక మనిషి లోపలికి వచ్చి, మమ్మల్ని గమనించకుండా చాప మీద కూర్చుని, డబ్బా దగ్గరకు లాక్కుని, ముఖం మీది గుడ్డ విప్పాడు.

సాయిలు కాదు.

సుజాత అరవలేదు. "ఇన్ని దినాలు తిన్నది నువ్వేనా, బక్కప్పా?" అంది. అతడు వాళ్ల ఊరివాడే, సాయిలు దోస్తు. చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"కొట్టు వదినా, గని జెర ఇను. సాయిలుగాడు పానంతోనే ఉన్నడు."

అతడు చెప్పిన సంగతి ఇది. కడాయి పొంగి సాయిలు ముఖం మీద పడింది. కాంట్రాక్టరు చడీచప్పుడు లేకుండా సంగారెడ్డిలో ఒక దవాఖానలో చేర్చాడు. చోటు పోకుండా సాయిలు హాజరు కార్డు మీద రాత్రిళ్లు బక్కప్ప నిలబడుతున్నాడు. కట్లు విప్పేదాకా సుజాతకు తెలియకూడదని సాయిలు, గొంతు ఇంకా పలికే మొదటి రాత్రే, ఒట్టు వేయించుకున్నాడు. అందుకే పగలు ఈ ఇంటికి రావడం, డబ్బా ఖాళీ చేయడం.

"మంచం ముట్టలే వదినా, చాప మీదనే పన్న. రొట్టె సగం ఇడిసిపెట్టాలె అని గాడు నాకు చెప్పలే."

కంపెనీ లెక్కలో సాయిలు ఒక్క రాత్రి కూడా మానలేదు. ఇంటి లెక్కలో ఒక్క పూట కూడా మానలేదు. రెండు చోట్లా ఇంత సక్రమంగా హాజరవుతున్న మనిషికి ప్రమాదం జరిగిందనడానికి ఆధారం లేదు కనుక, ఆ ఫ్యాక్టరీ గేటు మీద "ప్రమాదం జరగని రోజులు" అన్న బోర్డులో అంకె రోజూ పెరుగుతోంది. ఆ తెలుగు నాదే. అందులో భాషాదోషమేమీ లేదు.

ఆ పూటే సంగారెడ్డి బస్సెక్కాం. సుజాత ఒక రొట్టెను గుడ్డలో చుట్టి తెచ్చింది. మంచం మీది మనిషికి నుదుటి నుంచి పెదవి దాకా కట్లు. గొంతులోకి ఆవిరి పోయిందని మాట్లాడనివ్వడం లేదు. సుజాత అతని కాళ్ల వైపే నిలబడిపోయింది.

"ఈయనే అని ఎట్ల నమ్మాలె అన్నా? నిన్నటిదాంక బక్కప్పను గూడ ఈయనే అనుకున్న."

తరువాత రొట్టె అతని చేతిలో పెట్టింది. అతడు మెల్లగా, నొప్పితో నమిలాడు. సగం దగ్గర ఆగాడు. మిగిలిన సగాన్ని గోడ వైపు చాపి పట్టుకున్నాడు. అటు ఎవరూ లేరు. ఆమె మంచం చుట్టూ తిరిగి, గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని నిలబడి, అందుకుంది.

ప్రేమ ఎక్కడుందని అడిగావు. నేను చూసినంతవరకు అక్కడుంది.

కళ్ల సంగతి కట్లు విప్పాక చెబుతామన్నారు. ఆ మాట చెప్పిన డాక్టరు మా వైపు చూడలేదు. నాన్న కంటి ఆపరేషను తరువాత వాడిన నల్లద్దాల కళ్లజోడు మన అటక మీద ఉండాలి. వెతికి, విరగకుండా సర్ది పంపు. నాకు కాదు.

సుజాత చోటు మరొకరికి ఇచ్చేశారు. ఆమె దవాఖానలోనే ఉంటోంది. చివరి అధ్యాయం నేనింకా మొదలుపెట్టలేదు. ఆమె తిరిగి వచ్చేదాకా మొదలుపెట్టను. నా గురించి దిగులు పడకు. నేను పనిచేసేది కడాయిల దగ్గర కాదు, వాటి పక్కన గోడ దగ్గర. బావగారికి నమస్కారాలు. మీ అత్తగారికి కూడా, చెవి దగ్గరగా. చిన్నదానికి ముద్దులు. నువ్వు ఆశీస్సులు పంపేటప్పుడు ఈ ఇంటి పై గదికి కూడా సరిపడా పంపు.

బక్కప్ప ఇప్పటికీ ఆ కార్డు మీదే, ఆ కడాయి దగ్గరికే వెళుతున్నాడు. పొద్దున వస్తే మొగులమ్మ రొట్టె ఇస్తుంది. నిన్న పైకి వెళుతూ మూడో మెట్టు మీద ఆగాడు. చాలాసేపు దగ్గాడు.

నీ తమ్ముడు,
నారాయణ